తాగే గంజి, పెట్టే గంజి

ఆ ఆసుపత్రిలో బట్టలుతికే గదికి పెద్దదిక్కు పిన్ని. ఎవరికి పిన్ని అంటే అందరికీ పిన్నే. నర్సమ్మలకి పిన్ని, వంటాయనకి పిన్ని, ఆఖరికి ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాడైన ఇస్త్రీ మనిషికి కూడా పిన్నే. ఆయన్ని మాత్రం ఆవిడ మడతమామ అనేది. కనబడిన ప్రతిదాన్నీ, ఆఖరికి తిని పారేసే పొట్లం కాగితాన్ని కూడా, నాలుగు మడతలు పెడితే గాని ఆయన మనసు నిలవదు మరి.

జబ్బు నయం చేసుకుని ఇంటికెళ్ళిపోయే ఆసుపత్రి కాదది. పక్షవాతం వచ్చినవాళ్ళు, నడుం విరిగినవాళ్ళు, ఇంట్లో చూసే దిక్కు లేనివాళ్ళు వచ్చి చేరేవాళ్ళు. చేరినవాళ్ళు ఏళ్ళ తరబడి ఉండిపోయేవాళ్ళు. ఉండిపోయారు కాబట్టి ఎవరి బట్టలు వాళ్ళకుండేవి. వాటిని పిన్ని ఉతికేది, వంటింట్లోంచి వచ్చిన కుండెడు గంజిలో ముంచి పిండేది, మడతమామ ఇస్త్రీ చేసేవాడు. సాయంత్రానికి మగవాళ్ళ వార్డు వార్డంతా ఫెళఫెళలాడే చొక్కాలు తొడుక్కుని వరండా బల్లల మీద చేరేది. అక్కడ వాళ్ళు పోట్లాడుకోని విషయం లేదు. మబ్బు పట్టిందా లేదా అన్నదాని మీద కూడా రెండు పక్షాలుండేవి.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. బోరు ఇసక కక్కి ఊరుకుంది. ట్యాంకరు రోజు విడిచి రోజు వచ్చేది, అదీ సగానికే నిండి. సూపరింటెండెంటు గారు వంటాయన్నీ పెద్ద నర్సునీ పిన్నినీ తన గదికి పిలిపించాడు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ ఇంత పొడుగుండేది కాదు.

"పుళ్ళు పడ్డవాళ్ళ దుప్పట్లు రోజూ మార్చాల్సిందే. కట్లు కట్టే గుడ్డలు మరిగించాల్సిందే. అవి ఆపితే మనుషులు పోతారు," అన్నాడాయన కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకుంటూ. "మరి ఏది ఆపొచ్చు? మీరే చెప్పాలి పిన్నిగారూ."

పిన్ని తన చేతులకేసి చూసుకుంది. చాకలిసోడా తినేసిన చేతులు. వేళ్ళ సందుల్లో పగుళ్ళు, అరచేతిలో పొక్కులు. సోడాలో చొక్కాలు రుద్దిన రోజు అన్నం కలుపుకోవాలంటే కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి. ఆ చేతులే మాట్లాడినట్టు నోట్లోంచి మాట వచ్చేసింది.

"మగవాళ్ళ వార్డులో సొంత బట్టలు ఆపొచ్చండి. ఆసుపత్రి గౌన్లున్నాయి కదా. అవైతే జాడించి ఆరేస్తే చాలు. గంజీ అక్కర్లేదు, ఇస్త్రీ అక్కర్లేదు."

వంటాయన చప్పున అందుకున్నాడు. "ఆ గంజి నాకు మిగిలిస్తే ఉప్పేసి సాయంత్రం వాళ్ళకే తాగడానికి పంపుతాను సార్. ఎలాగూ పాలు సగమే వస్తున్నాయి. చొక్కాలకి పోసేదేదో కడుపులోకే పోతుంది."

"భేష్," అన్నాడు సూపరింటెండెంటు. గుండెల మీంచి బరువు దిగినట్టు కుర్చీలో వెనక్కి వాలాడు. "ముందీ ఎండాకాలం అందరం బతికి బట్టకడదాం. మిగతావన్నీ తర్వాత."

పిన్ని వచ్చి ఆ మాట చెబితే మడతమామ ఇస్త్రీపెట్టెలో బొగ్గులు కదుపుతున్నవాడల్లా ఆగిపోయాడు.

"బతికి బట్టకట్టడానికి బట్టలు లాక్కోవడమా! ఈ తెలివి ఎవరిదే పిన్నీ?"

"ఎవరిదైతేనేం? బతికుంటే బలుసాకైనా తినొచ్చు. నీళ్ళు లేవు మామా. నీకేం, హాయిగా కూర్చో."

"కూర్చుంటాలే. కూర్చోడం ఎవడికి చేతకాదు," అని ఆయన బొగ్గుల మీద బూడిద కప్పేశాడు.

ఆ మధ్యాహ్నమే పిన్ని వార్డులో మంచం మంచానికీ తిరిగి బట్టలు పోగుచేసింది. గొణిగినవాళ్ళు గొణిగారు, ఇచ్చేశారు. కిటికీ పక్క మంచం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ అడుగు కొంచెం తడబడింది. ఆ మంచం మీదాయన, పోయిన తన మొగుడికి స్వయానా అన్నగారు. ఈ లోకంలో చుట్టం అని చెప్పుకోవడానికి పిన్నికి మిగిలింది ఆ బావగారొక్కడే. ఒకప్పుడు బస్సు కండక్టరు. పక్షవాతం ఎడమ కాలిని లాగేసింది గాని గొంతుని ముట్టుకోలేదు. నాలుగు కాళ్ళ స్టాండు రెండు చేతులా పట్టుకుని, వరండాలోకి నడుస్తూ, "జరగాలి, జరగాలి, ముందుకి జరగాలి," అంటే బల్ల మీద వాళ్ళు నవ్వుతూ చోటిచ్చేవాళ్ళు.

"ఎవరమ్మాయ్ ఇలా చెయ్యమన్నది?" అని అడిగాడాయన చొక్కా బొత్తాలు విప్పుతూ.

"పైనుంచి ఆర్డరొచ్చింది బావగారూ."

అబద్ధం చెప్పాలనుకుని చెప్పింది కాదు. నోటికి అందుబాటులో ఉన్న మాట అదే.

"ఓహో," అన్నాడాయన. రెండు చొక్కాలు ఇచ్చాడు. మూడోది, గోధుమరంగు గీతలది, ఏదని అడిగితే చిరిగిపోయిందన్నాడు. చిరిగితే ముందు తన కంట్లోనే కదా పడాలి అని పిన్నికి తెలుసు. పోనీలెమ్మని ఊరుకుంది.

తర్వాత రోజులు, నిజం చెప్పొద్దూ, పిన్నికి సుఖంగానే గడిచాయి. ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదన్నారు. దుప్పట్లు అయ్యాక పట్టుమని పది గౌన్లు జాడిస్తే పని అయిపోయేది. మధ్యాహ్నం గచ్చు మీద నడుం వాల్చేది. వేళ్ళ సందుల్లో పగుళ్ళు మానుతూ వచ్చాయి. ఒకరోజు అన్నంలో కారం కలుపుకుని కూడా మంట లేకుండా తింది. ఆ సంతోషం ఎవరితో పంచుకుందామన్నా మడతమామ చల్లారిన ఇస్త్రీపెట్టె ముందు కూర్చుని, ఆరిన గౌనుని ఇటు మడిచి అటు మడిచి, మళ్ళీ విప్పుతుండేవాడు.

"దీన్ని ఎటునుంచి మడవను? వీపే లేని బట్ట," అనేవాడు. "ముందు నుంచి చూస్తే మనిషి, వెనకనుంచి చూస్తే పసిపిల్లాడు."

పిన్ని పట్టించుకోలేదు. సాయంత్రాలు వరండా బల్లలు ఖాళీగా ఉండడం చూసింది గాని ఎండ దెబ్బకి లోపలే పడుకున్నారనుకుంది. వార్డులోంచి చప్పుడు లేదు. పడుకున్నవాళ్ళు చప్పుడెలా చేస్తారు?

సూపరింటెండెంటు గారు నడవలో ఎదురుపడి ఆగి మరీ చెప్పాడు. "చూశారా పిన్నిగారూ, ఇన్ని నీళ్ళు తగ్గినా ఒక్కరికీ ఏమీ కాలేదు. ఒక్క ప్రాణం పోలేదు." అలసిపోయిన మొహంలో చిన్న వెలుగు. పిన్నికీ ఆ వెలుగులో కాస్త వాటా ఉన్నట్టనిపించి, నెత్తిన పాలు పోసినట్టయింది.

గౌన్లు మార్చే రోజు కట్ట ఎత్తుకుని తనే వార్డుకి వెళ్ళింది, పనిలో పని బావగారినీ చూసినట్టుంటుందని. ఆవిణ్ణి చూస్తూనే ఆయన దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. ఉక్కకి చొక్కా చేతులు మడిచి కూర్చునే మనిషి ఆ ఎండలో దుప్పటి కప్పుకుని చెమట్లు కక్కుతున్నాడు.

"ఒంట్లో బాగుందా బావగారూ?"

"బాగుంది." గోడవైపు తిరిగాడు. గోడతోనే అన్నాడు. "అమ్మాయ్, ఇకనుంచి నువ్వు రాకు. ఇంకెవరితోనైనా పంపించు."

"అదేంటండీ?"

"తమ్ముడి పెళ్ళానివి. ఈ అవతారంలో నీ ముందు ఉండలేను. రాకు."

పిన్ని గౌను మంచం చివర పెట్టి వెనక్కి తిరిగింది. ఎదుటి మంచం మీద ముసలాయన దొడ్డికి పోవడానికి లేచాడు. ఒక చేత్తో వెనక గౌను రెండంచులూ కలిపి పట్టుకున్నాడు, ఇంకో చేత్తో గోడ పట్టుకున్నాడు. నాలుగడుగులేసి, గోడ లేని చోటికి వచ్చి, ఏ చెయ్యి వదలాలో తేల్చుకోలేక నిలబడిపోయాడు. అప్పుడర్థమైంది పిన్నికి వరండా ఎందుకు ఖాళీ అయిందో. స్టాండు పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి. "ఎండలు తగ్గేదాకానే కదా," అని తనకి తనే చెప్పుకుంటూ ముసలాయన మోచెయ్యి పట్టుకుని గుమ్మం దాటించింది. ఆయన ఒక్కసారి కూడా ఆవిడ మొహం చూడలేదు.

ఆ 'రాకు' అన్న మాట పిన్నిని వదల్లేదు. దుప్పట్లు ఉడకబెడుతుంటే వదల్లేదు, అన్నం ముందు కూర్చుంటే వదల్లేదు. పండక్కో పబ్బానికో పలకరించే చుట్టాలు బోలెడుమంది ఉన్నవాళ్ళకి ఒకరు రావద్దంటే ఒకరు తగ్గినట్టు. ఆవిడకున్నదే ఒకడు.

రెండు రోజులకి వార్డు నర్సమ్మ బట్టల గదికి వచ్చింది. "పిన్నీ, మీ బావగారు చిక్కిపోతున్నారు. ఎందుకో అంతుచిక్కడం లేదు. పెట్టింది తింటున్నారు, గంజి గ్లాసు ఖాళీ చేస్తున్నారు. ఎముకలు బయటపడుతున్నాయి. పైగా ఆ మంచానికి చీమలు. అన్నం ఎక్కడైనా దాస్తున్నారేమో, నువ్వు చూస్తే ఏమనుకోరు."

రావద్దన్న మనిషి దగ్గరికి ఎలా వెళ్ళను అని పిన్ని అనలేదు. వెళ్ళింది. బావగారు కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిజంగా నిద్రో, ఆవిడ వస్తోందని నిద్రో. చీమలు మంచం కోడు పట్టుకుని బారులు తీరి పరుపు కిందికి పోతున్నాయి. పిన్ని పరుపు అంచు ఎత్తి చెయ్యి పెట్టింది.

చేతికి అట్టలాంటిది తగిలింది. ఏళ్ళ తరబడి పట్టుకున్న చెయ్యి, చూడకుండానే పోల్చింది. గంజి పెట్టిన బట్ట. బయటికి లాగితే గోధుమరంగు గీతల చొక్కా. కాలరుకీ బొత్తాల పట్టీకీ ఒకటే గంజి, అక్కడక్కడా మెతుకు కూడా అతుక్కుని ఉంది. పైనా కిందా పాత పేపర్లు పరిచి, ఆ పైన పడుకుని, తన ఒంటి బరువుతో ఇస్త్రీ చేసుకుంటున్నాడు మహానుభావుడు.

"బావగారూ!"

ఆయన కళ్ళు తెరిచాడు.

"తాగమని ఇచ్చారు కదండీ ఇది! ఉన్న పాలు తగ్గించి, ఒంట్లోకి బలం ఉండాలని ఇస్తుంటే, చొక్కాకి పోస్తారా? ప్రాణం మీదికి తెచ్చుకుంటారా చొక్కా కోసం?"

"అరవకు. అందరూ వింటున్నారు." దుప్పటి మళ్ళీ గడ్డం దాకా వెళ్ళింది. "రెండు పూటలే అనుకున్నాను. సరిగ్గా రాలేదు. మళ్ళీ పెట్టాను."

"ఏం చేద్దామని?"

"ఒక్క సాయంత్రం వరండాలోకి పోదామని."

"మరి పోయారా?"

బావగారు తప్పు చేసిన పిల్లాడిలా గొంతు తగ్గించి చెప్పాడు. "వాసనొస్తోంది అమ్మాయ్. ఉతక్కుండా గంజి పెడితే పులుస్తుందని నాకు తెలీదు. ఇంట్లో మీ అక్కయ్య చేసేది, ఇక్కడ నువ్వు చేసేదానివి. నాకెలా తెలుస్తుంది?"

పిన్నికి నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. ఏది ముందు బయటపడుతుందో తెలియక పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇవాళ గ్లాసు నా ఎదురుగా తాగండి."

"తాగితే రేపటిదాకా ఉంటాను. రేపు తాగితే ఎల్లుండి దాకా. కాదనను. ఉండి గోడ చూస్తాను." ఆయన గొంతులో కోపం లేదు. అదే బాధ. "ఆ ఆర్డరిచ్చినవాడెవరో ఒకసారి ఇటు రమ్మను. తిట్టన్లే. నీళ్ళు లేకపోతే నేను మాత్రం పుట్టిస్తానా? ఒక్క మాట మమ్మల్నెందుకు అడగలేదని, అంతే, అదొక్కటి అడుగుతాను."

పెదవి దాటిన మాట పృథివి దాటుతుందంటారు. పిన్ని మాట పృథివి దాకా అక్కర్లేకుండా తిరిగి తిరిగి ఆవిడ ఎదుటే వచ్చి నిలబడింది. 'అది నేనే' అనే రెండు ముక్కలు రాలేదు. చొక్కాని గౌన్ల కట్టలో దూర్చి, తేలు కుట్టిన దొంగలా వార్డు దాటింది.

బట్టల గదిలో మడతమామ ఆ చొక్కాని చూశాడు. వాసన చూశాడు. కాలరు మీద ఎండిన మెతుకుని గోటితో గీకి తీశాడు.

"ఎవరి తెలివని అడిగావు కదా మామా," అంది పిన్ని. "నాదే."

"తెలుసు."

"ఎలా?"

"సోడా డబ్బా అప్పణ్ణుంచి ఓ మూలన పడేశావుగా. సంబరంగా."

పిన్ని చొక్కా చేత పట్టుకుని తిన్నగా సూపరింటెండెంటు గదికి వెళ్ళింది. ఆయన కిటికీ దగ్గర నిలబడి ట్యాంకరు వచ్చే దారికేసి చూస్తున్నాడు. రావాల్సిన వేళ దాటిపోయింది. చేతిలో తడి రుమాలు. దానితో మెడ తుడుచుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సార్, ఆ రోజు నేను తప్పు చెప్పాను."

"ఏ రోజు?"

"సొంత బట్టలు ఆపొచ్చన్నాను కదండీ. అది నీళ్ళ కోసం అన్నది కాదు. చేతులు మండుతున్నాయి. పని తగ్గుతుందని అన్నాను. ప్రాణాలు అని మీరన్నాక, సరే, అందుకే అన్నాననుకున్నాను." చొక్కా బల్ల మీద పెట్టి సంగతంతా చెప్పింది. చీమల దగ్గర్నుంచి చెప్పింది.

ఆయన చొక్కా తీసుకోబోయి, ఆ బిరుసుకి ఆగి, వేలితో కాలరు తాకాడు. కుర్చీలో కూర్చున్నాడు. కోప్పడతాడని పిన్ని ఎదురుచూసింది. కోప్పడితే బాగుండునని కూడా అనుకుంది.

"ఆ రోజు మీరు చెప్పగానే నేనెందుకు ఒప్పుకున్నానో తెలుసా?" అన్నాడు చివరికి. "ఆడవాళ్ళ వార్డులో ఏదైనా ఆపితే కూతుళ్ళొచ్చి నా గది ముందు నిలబడతారు. పిల్లల వార్డు సంగతి చెప్పక్కర్లేదు. ఈ వార్డుకి ఎవరూ రారు. వీళ్ళయితే గొడవుండదనుకున్నాను. నేనూ అలిసిపోయి ఉన్నాను పిన్నిగారూ." రుమాలు మళ్ళీ బయటికి తీశాడు, అది అప్పటికే ఆరిపోయింది. "మనిద్దరి అలుపూ కలిపి దానికి ప్రాణం అని పేరు పెట్టాం."

గదిలో పంకా తిరుగుతోంది. ఆయన మళ్ళీ కిటికీలోంచి ట్యాంకరు దారికేసి చూశాడు.

"కానీ నీళ్ళు లేవు," అన్నాడాయన. "అది మాత్రం అబద్ధం కాదు."

"కాదండి."

"మరి?"

"ఏ వార్డుకైనా తాగే నీళ్ళూ, పుళ్ళవాళ్ళ దుప్పట్లూ ముట్టుకోవద్దు. అవి కాక ఆ వార్డుకి ఇన్ని బకెట్లని వస్తాయి కదా. ఒళ్ళు తుడుచుకోడానికి, గౌన్లకి, గచ్చు కడగడానికి. ఆ నీళ్ళూ, ఆ గంజీ, ఇదిగో ఇంతేనయ్యా ఉన్నది అని వాళ్ళకే చెబుదామండి. ఏం చేసుకుంటారో వాళ్ళే తేల్చుకుంటారు."

"గంజంతా కాలర్లకి పోసుకుని ఎవరైనా కళ్ళు తిరిగి పడితే? జవాబు చెప్పాల్సింది నేను."

"నాకూ ఆ భయమేనండి."

ఆయన లేచి, బల్ల మీది చొక్కాని రెండు చేతులా ఎత్తి ఆవిడకిచ్చాడు. "వెళ్ళి చెప్పండి," అన్నాడు.

వార్డు మధ్య నిలబడి మాట్లాడడం పిన్నికి అలవాటు లేని పని. ఎవరో ఒకరి మంచం కోడు పట్టుకుంది. దుప్పట్ల కింద నుంచి కళ్ళు మాత్రం ఆవిడవైపు తిరిగాయి.

"ఒక మాట చెప్పాలి. మీ బట్టలు తీసుకెళ్ళమని పైనుంచి ఆర్డరు రాలేదు. ఆపమన్నది నేను. నా చేతులు నొప్పెట్టి అన్నాను. మిమ్మల్ని అడగలేదు." కిటికీ వైపు చూడకుండా చెప్పింది. చూస్తే మిగతాది చెప్పలేనని తెలుసు. తర్వాత బకెట్ల లెక్క చెప్పింది, గంజి సంగతి చెప్పింది. "దేనికెంత వాడుకుంటారో మీ ఇష్టం. చొక్కాలుతకమంటే నేను ఉతుకుతాను. వద్దంటే వద్దు."

ఇల్లు కాలిపోయాక వచ్చి బావి ఎక్కడ తవ్వమంటారని అడిగినట్టుంది ఆవిడకి. పారిపోదామనిపించింది. అప్పుడు మూల మంచం మీది లాయరు గొంతు సవరించుకున్నాడు. లాయరంటే పేరుకే. జన్మలో ఒకసారి సాక్షిగా తప్ప కోర్టు మెట్లెక్కిన మనిషి కాదు.

"గచ్చు కడగడానికి రెండు బకెట్లా? ఎందుకు? తుడిస్తే చాలదా?"

"నువ్వు దొర్లించే మురికికి నాలుగు కావాలి," అన్నాడు పక్క మంచం.

"నాకు చొక్కా గిక్కా అక్కర్లేదు," ఇంకొకాయన మోచేతి మీద లేచాడు. "నా గంజి నాకు గ్లాసుడూ కావాలి. నా కడుపు నాది."

"నీ కడుపు ఎవడిక్కావాలయ్యా! నువ్వు తాగు. నా వంతు నా కాలరుకి."

"అలా ఎవడి వంతు వాడిదంటే బట్టలుతికే నీళ్ళు ఎవడి వంతులోంచి వస్తాయ్?"

"ఒళ్ళు తుడుచుకోడం రోజు విడిచి రోజు చేస్తే?"

"నీ పక్కన నేను పడుకోవాలా అప్పుడు?"

నలుగురైదుగురు ఒక్కసారే అందుకున్నారు. చచ్చినట్టు పడున్న వార్డు సంతలా లేచింది. గౌను వెనకాల ఊడుతున్న సంగతి మరిచిపోయి ఎవరో మంచం మీద మోకాళ్ళ మీద లేచి కూర్చున్నాడు. వీళ్ళిలా కొట్టుకుచస్తే సూపరింటెండెంటుకి ఏం చెప్పాలి అనుకుంది పిన్ని.

"ఒకరి తర్వాత ఒకరు!"

బస్సులో వెనక సీటు దాకా వినబడే గొంతు. బావగారు దుప్పటి పక్కకి తోసేసి లేచి కూర్చున్నాడు. గౌనులో ఎముకల గూడులా ఉన్నాడు. కళ్ళు మాత్రం గోడని చూసిన కళ్ళు కావు. "ముందు లాయర్ని చెప్పనివ్వండి. తర్వాత నీ కడుపు. ఎవరూ మధ్యలో ఎక్కొద్దు." అని, అప్పుడు పిన్నివైపు తిరిగాడు. ఆ చూపులో కోపముందా, క్షమించడం ఉందా అని వెతుక్కునేంత వ్యవధి ఆయన ఇవ్వలేదు.

"అమ్మాయ్, నువ్వు కాస్త బయటికి వెళ్ళు. ఇది మేం తేల్చుకోవాల్సిన సంగతి."

పిన్ని బయటికి వచ్చింది. తలుపు దగ్గరగా వేసి, వరండాలో ఖాళీ బల్ల మీద కూర్చుంది. మడతమామ మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఏమన్నారు?"

"బయటికి పొమ్మన్నారు," అంది పిన్ని. అని, ఎన్నాళ్ళకో, పైట అడ్డం పెట్టుకోకుండా నవ్వింది.

"ఇస్త్రీపెట్టె రాజెయ్యనా మరి?"

"తొందరపడకు మామా. గంజి తాగడానికే మొగ్గుతారేమో. ఏమంటారో మనకేం తెలుసు?"

లోపల ఎవరో బల్ల గుద్దారు. ఎవరో వద్దంటే వద్దన్నారు. మడతమామ వచ్చి బల్ల రెండో చివర కూర్చున్నాడు. వాళ్ళు తేల్చేదాకా ఇద్దరూ అక్కడే కనిపెట్టుకుని ఉన్నారు.